కౌమార దశపై ఉపసంఘం

మనిషి ఎలా పుడతాడన్న ప్రశ్నకు పద్మారావు నగర్‌లోని శ్రీ సుజ్ఞాన దీపిక హైస్కూల్ వారి దగ్గర చాలాకాలంగా స్పష్టమైన జవాబు ఉంది. పుట్టడు. అడ్మిషన్ తీసుకుని నేరుగా నర్సరీలో చేరతాడు.

ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకంలో ‘కౌమార దశ’ అనే పాఠం ఉన్నమాట నిజమే. దాన్ని బడివాళ్లు చించలేదు. (చించితే పిల్లలు అందులో ఏముందో వెతుక్కుని మరీ చదువుతారన్న దూరదృష్టి.) పాత సైన్సు మాస్టారు దాని ముందు పాఠం ముగించి, గొంతు సవరించుకుని, “తర్వాతది ఈజీ, ఇంట్లో చదువుకోండి” అని అవతలి పాఠంలోకి దూకేవారు. ఇంట్లో అడిగితే “అవన్నీ బడిలో చెబుతారు, పో” అనేవారు. ఇల్లూ బడీ ఇలా ఒకదాని మీద ఒకటి అచంచల విశ్వాసంతో ఉండగా పిల్లలు ఫోన్‌ను అడిగేవారు. ఫోన్‌కు సిగ్గు లేదు. సిలబస్ కూడా లేదు.

ఈ ఏర్పాటు సాఫీగా సాగుతున్న కాలంలోనే రెజిమెంటల్ బజార్ నుంచి సుకన్య అనే కొత్త సైన్సు టీచరు వచ్చి చేరింది.

ఒకరోజు ఆఖరి గంట కొట్టాక పిల్లలంతా వ్యాన్ల వైపు పరుగెత్తినా యోగిత అనే అమ్మాయి మాత్రం బెంచీ మీంచి లేవలేదు. సుకన్య దగ్గరికి వెళ్లింది.

“ఏమైంది బేటా? వ్యాన్ పోతది.”

“నేను లేవను మేడం. నాకు పెద్ద రోగం వచ్చింది. పొద్దుగాల్నుంచి రక్తం పోతుంది. మా అమ్మకు చెప్పొద్దు, ఏడుస్తది.”

“రోగమని ఎవరు చెప్పిన్రు?”

“నిన్న మా అన్న ఫోన్‌ల చూసిన. కడుపు నొస్తుందని కొడితే క్యాన్సర్ అని వచ్చింది. ఇయ్యాల రక్తం సుత వచ్చింది.”

సుకన్య తన చున్నీ తీసి ఆ పిల్ల నడుముకు చుట్టింది. పక్కన కూర్చుని, అది రోగం కాదని, ఆడపిల్లలందరికీ వచ్చేదేనని, తనకూ వస్తుందని నెమ్మదిగా చెప్పింది. అంతా విని యోగిత ఒక్కటే అడిగింది. “అయితే నేను చచ్చిపోనా?”

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చచ్చిపోతున్నాననుకుంటూ ఆ పిల్ల తరగతిలో కూర్చుంది. (కదలకుండా, మెదలకుండా ఒకేచోట కూర్చున్నందుకు లెక్కల టీచరు అందరి ముందూ మెచ్చుకున్నారు కూడా.) ఆ మాట తలచుకుంటే సుకన్యకు ఇంటికి వెళ్లాక కూడా అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్నే ప్రిన్సిపల్ జ్ఞానశేఖర్ గదికి వెళ్లింది.

“సార్, కౌమార దశ పాఠం నేను క్లాసుల చెప్తా.”

“చెప్పుండ్రి మేడం, ఎవలు వద్దన్నరు? సైన్సే గదా,” అన్నాడాయన ఉదారంగా. “జెర ఒక ఉపసంఘం ఏస్కుందాం, అంతే.”

“పాఠానికి ఉపసంఘం ఏందీ సార్? కిరణజన్య సంయోగక్రియకు ఎయ్యలే కదా?”

“అది ఆకుల ముచ్చట మేడం. ఆకుల పేరెంట్స్ వచ్చి గేటు కాడ కొట్లాడరు.”

ఆ విధంగా ‘సున్నిత పాఠ్యాంశాల సమీక్షా ఉపసంఘం’ ఆవిర్భవించింది. అధ్యక్షులు బడి కరెస్పాండెంట్ అమ్మిరాజుగారు. భీమవరం వైపు నుంచి వచ్చి రాంగోపాల్‌పేట్‌లో బాత్రూం సామాన్ల షోరూం పెట్టి బాగా పైకి వచ్చిన మనిషి. ఆయన షాపు బోర్డు మీద ‘శానిటరీ’ అన్న మాట మనిషెత్తు అక్షరాల్లో ఉంటుంది. అదే మాట బడిలో వినబడితే మాత్రం ఆయనకు బీపీ పెరుగుతుంది. సభ్యులుగా ప్రిన్సిపల్, తెలుగు మాస్టారు సదాశివ, పీఈటీ రాఘవేందర్‌లను వేశారు. (వ్యాయామ విద్య కాబట్టి శరీరంతో అంతో ఇంతో పరిచయం ఉన్నది ఆయనకేనని భావించారు.) తల్లుల ప్రతినిధిగా వీరరాఘవమ్మగారు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. ఎన్నుకున్నది ఆవిడ భర్త, అంటే అమ్మిరాజుగారే.

మొదటి సమావేశంలో భాషా సంస్కరణ జరిగింది. సదాశివ మాస్టారు ఎర్ర పెన్ను తీశారు.

“ముందు ‘అండం’ కొట్టెయ్యాలి. అండమంటే గుడ్డు. మనది శుద్ధ శాకాహార పాఠశాల.”

అధ్యక్షులు తల ఊపారు.

“ఇక ‘వీర్యకణం’. ఈ మాట తొలి అక్షరం అమ్మగారి పేరుతో కలుస్తోంది. మర్యాద కాదు.”

అమ్మిరాజుగారు ఈసారి రెండుసార్లు తల ఊపారు. వీరరాఘవమ్మగారు మాత్రం పళ్లెంలోని ఉస్మానియా బిస్కెట్ వైపు చూస్తూ ఉండిపోయారు.

ఈ రెండూ పోయాక ప్రత్యుత్పత్తిలో పెద్దగా ఏమీ మిగల్లేదు. అందువల్ల మాస్టారే దయతలచి, ఎవరికీ అభ్యంతరం లేని మాటలు కల్పించారు. అండానికి ‘సీటు’. వీర్యకణానికి ‘అభ్యర్థి’. గర్భాశయానికి ‘నియోజకవర్గం’. నెలసరికి ‘ఎన్నిక వాయిదా’.

సుకన్య ఇంక ఉండబట్టలేకపోయింది.

“సార్, మొన్న ఒక పాప పొద్దంత చచ్చిపోతున్ననుకుని కూసుంది. ఆమె దగ్గరికి పోయి ‘నీకు ఎన్నిక వాయిదా పడ్డది’ అని చెప్పాల్నా?”

“అర్థవంతంగానే ఉంది కదమ్మా,” అన్నారు మాస్టారు, కవి హృదయం గాయపడి.

పిల్లలకు చెప్పేముందు పాఠాన్ని పెద్దలు ఒకసారి వినాలని కూడా ఆ రోజే నిర్ణయించారు. శనివారం మధ్యాహ్నం ఎనిమిదో తరగతి గదిలో, పదమూడేళ్ల పిల్లల కోసం చేయించిన బెంచీల్లో ఉపసంఘం యావత్తూ మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుంది. సుకన్య సుద్దముక్క తీసుకుంది. ఒప్పుకున్న మాటలతోనే మొదలుపెట్టింది.

“ఒక్కటే సీటు ఉంటది. దానికోసం కోట్లమంది అభ్యర్థులు బయల్దేరుతరు.”

“గంతమందా!” అన్నాడు రాఘవేందర్, తన్మయత్వంతో. “మిగిలినోళ్లకు డిపాజిట్లు సుత దక్కవన్నట్టు.”

“ఒక్కరే గెలుస్తరు. అభ్యర్థులల్ల రెండు రకాలు. ఎక్స్ అనే గుర్తు ఉన్నది గెలిస్తే ఆడపిల్ల, వై గుర్తు ఉన్నది గెలిస్తే మగపిల్లాడు.”

అప్పటిదాకా నోరు విప్పని వీరరాఘవమ్మగారు బెంచీలోంచి చెయ్యెత్తారు. పిల్లలు ఎత్తినట్టే, మోచెయ్యి నిటారుగా.

“ఏవమ్మా, ఆ అభ్యర్థులు ఎవరి తరఫువాళ్లు?”

“తండ్రి తరఫు అమ్మా.”

“తల్లి తరఫున గుర్తు ఉండదా?”

“తల్లి దగ్గర ఎప్పుడూ ఎక్స్ ఒక్కటే. ఆడా మగా అని తేల్చేది తండ్రి నుంచి వచ్చే కణమే.”

“ఇంకోసారి చెప్పు తల్లీ, కాస్త గట్టిగా. మా ఆయనకి కుడిచెవి సరిగా వినబడదు.”

సుకన్య గట్టిగా చెప్పింది. ఆవిడ భర్త వైపు తిరిగారు.

“విన్నారుగా. మూడోదీ ఆడపిల్లే పుట్టినప్పుడు తమరు ఆసుపత్రి మెట్లే ఎక్కలేదు. షాపుకి సరుకు దిగుతోందన్నారు. మీ అమ్మగారు నా కడుపే అలాంటిదని చెప్పి ఏడాదిపాటు ఒంటిపూట తినిపించారు. గుడి చుట్టూ తడిబట్టలతో పొర్లించారు. పొర్లాల్సింది ఎవరండీ?”

అమ్మిరాజుగారు లేవబోయారు. బెంచీ వదల్లేదు.

“ఏవమ్మా సుకన్యా,” అన్నారు చివరికి, “ఇది పుస్తకంలో ఉన్నదేనా, ఎక్కడో నెట్లోంచి తెచ్చావా?”

“పుస్తకంలదే సార్. గవర్నమెంటు అచ్చేసింది.”

“ఏ గవర్నమెంటు?”

“అన్ని గవర్నమెంట్లూ సార్.”

ఇరకాటంలో పడ్డ యాజమాన్యాలను ఒడ్డున పడేయడానికే ప్రిన్సిపల్ అనే పదవి ఉంది. జ్ఞానశేఖర్ గొంతు సవరించుకున్నాడు. “సభ్యులల్ల భిన్నాభిప్రాయం వచ్చింది గనక, ప్రజాస్వామ్యం ప్రకారం ఓటింగ్ పెడదాం సార్.”

ఆడపిల్ల పుట్టడానికి కారణం తల్లా, తండ్రా అన్న అంశం ఓటింగుకు వచ్చింది. తల్లి అన్నవారు చేతులెత్తాలన్నారు. అమ్మిరాజుగారి చెయ్యి ముందుగా లేచింది. దాన్ని చూసి ప్రిన్సిపల్ చెయ్యి లేచింది. సదాశివ మాస్టారు, సైన్సు గొప్పదే గానీ సంప్రదాయం సీనియరని చెబుతూ ఎత్తారు. రాఘవేందర్ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు.

“నేను తటస్థం సార్. మా ఆమెకు నెలలు నిండినయ్. ఇప్పుడే ఏం చెప్పలేను.”

తండ్రి అన్న పక్షాన వీరరాఘవమ్మగారి చెయ్యి ఒక్కటే లేచింది. సుకన్యకు ఓటు లేదు. (ఆమెకు విషయం తెలుసు కాబట్టి పక్షపాతం ఉండవచ్చునన్నారు.) ఒక ఓటుకు వ్యతిరేకంగా మూడు ఓట్లతో, శ్రీ సుజ్ఞాన దీపిక ఆవరణ వరకు బాధ్యత తల్లిదేనని తీర్మానమైంది.

వీరరాఘవమ్మగారు వాదించలేదు. కొంగు సర్దుకుని లేచారు.

“మీ తీర్మానం మీరే ఉంచుకోండి. సోమవారం ఈ అమ్మాయి పిల్లలకి పాఠం చెబుతుంది. ఉన్న మాటలు ఉన్నట్టు చెబుతుంది. కాదన్నారో, పేరెంట్స్ మీటింగులో నేనే చెబుతాను, మన ఇంటి ఉదాహరణతో సహా.”

పాఠానికి ఆ క్షణమే అనుమతి లభించింది.

సోమవారం సుకన్య ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ ఒకేచోట కూర్చోబెట్టి పాఠం చెప్పింది. అండాన్ని అండమంది. నెలసరిని నెలసరి అంది. మొదట్లో వెనకబెంచీలో ఇద్దరు కిసుక్కుమన్నారు. మగపిల్లల గొంతులు ఎందుకు మారతాయో చెప్పేసరికి వాళ్లూ సర్దుకుని కూర్చున్నారు. కొంప మునగలేదు. యోగిత తలెత్తి వింది. ఆ ముఖం చూసి సుకన్యకు చాలా రోజుల తర్వాత ప్రాణం కుదుటపడింది.

ఆఖర్న దుర్గేష్ అనే పిల్లాడు లేచాడు.

“మేడం, మా నానమ్మ ఎప్పుడూ మా అమ్మ వల్లనే ముగ్గురూ చెల్లెండ్లే పుట్టిన్రని తిడ్తది. పరీక్షల వస్తే ఎవరి వల్ల అని రాయాలె?”

సుకన్య నోరు తెరిచేలోపే, పరిశీలకుడిగా వెనక కుర్చీలో కూర్చున్న జ్ఞానశేఖర్ లేచి నిలబడ్డాడు. బోర్డు మీది ఎక్స్‌నూ, వైనీ చూశాడు. ఉపసంఘం తీర్మానాన్ని తలచుకున్నాడు. ఉద్యోగాన్ని తలచుకున్నాడు.

“పరీక్షల తండ్రి అని రాయుండ్రి. ఇంట్ల అడిగితే తల్లి అని చెప్పుండ్రి.”

పిల్లలు రెండూ రాసుకున్నారు.