ఎర్మెతే విసిరిన బంతి

ఆ మంగళవారం ఉదయం పొయ్యిమీద కాఫీ బుసకొట్టేలోపే ఎర్మెతే ఆ రోజు పనులు నిర్ణయించుకున్నాడు. కాఫీ తాగాలి. గడ్డం గీసుకోవాలి. కింది వాటాలో ఉండే నీవెస్ గారి తలుపు తట్టి, బోచ్చె బంతి విసరడం నేర్పమని అడగాలి.

వల్మొరేనాలో ఎవరైనా ఈ సంగతి వింటే నవ్వి ఊరుకునేవారు కాదు, డాక్టరుకు కబురు పెట్టేవారు. ఆ ఊళ్లో బోచ్చె అనే బంతులాటకు ఎర్మెతేను మించిన శత్రువు లేడు. క్లబ్బు వాళ్ల ఆటస్థలం సరిగ్గా అతని పడకగది కిటికీ కింద ఉంది. మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చగానే ఇనుప బంతులు ఠంగు ఠంగుమనేవి. బస్సు నడిపినన్నాళ్లూ సెలవు రోజుల్లోనూ, రిటైరయ్యాక ప్రతిరోజూ అతను కిటికీ తెరిచి, "మనుషులు నిద్రపోవద్దా? మీకు కొంపలు లేవా?" అని అరిచేవాడు. కింద వాళ్లు టోపీలెత్తి మర్యాదగా పలకరించి మళ్లీ ఆడుకునేవారు.

ఆ అరుపే అతని ప్రాణం నిలబెట్టింది. చలికాలంలో ఒకనాడు స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఒంటరివాడు. లేవలేడు, గట్టిగా పిలవలేడు. కింద ఆట మొదలైంది గాని కిటికీ తెరుచుకోలేదు. క్లబ్బు ప్రెసిడెంటు గ్వాల్తియెరో, ఒకప్పుడు ఊరందరికీ జుట్టు కత్తిరించినవాడు, బంతి చేతిలో పట్టుకుని పైకి చూశాడు. "ఇవాళ తిట్లు రాలేదేంట్రా?" అన్నాడు. అనుమానం తీరక అందరూ కలిసి కావాలనే చప్పుడు చేశారు. అయినా ఉలుకూ పలుకూ లేకపోయేసరికి మెట్లెక్కి తలుపు విరగ్గొట్టారు.

తర్వాత ఆసుపత్రిలో వంతులవారీగా కూర్చున్నది వాళ్లే. సూపు కాచి తెచ్చిందీ, అతని పిల్లికి తిండి పెట్టిందీ వాళ్లే. వాళ్లకు కృతజ్ఞత చెప్పుకోవాలని ఎర్మెతే మనసు తహతహలాడేది. కానీ 'డ్రైవరుతో మాట్లాడరాదు' అన్న బోర్డు కింద జీవితమంతా గడిపిన మనిషి. చెబుదామని నోరు తెరిస్తే, "సూపులో ఉప్పెక్కువైంది" అన్న మాట వచ్చేది. అతని అవస్థ చూసి గ్వాల్తియెరో ఒకరోజు నవ్వాడు. "నోటితో ఎందుకులే గానీ, లేచి తిరిగాక ఒకసారి కిందికొచ్చి ఒక్క బంతి వెయ్యి. మాకదే చాలు."

అతను ఆ మాట సరదాకి అన్నాడు. ఎర్మెతే మనసులో పెట్టుకున్నాడు. వచ్చే ఆదివారం క్లబ్బు విందు. అందరి ముందూ ఒక్క మంచి బంతి వెయ్యాలి.

నీవెస్ గారు ఒకప్పుడు జిల్లా ఛాంపియను. ఇప్పుడు మోకాళ్లు సహకరించక పెరట్లో కుర్చీకి పరిమితమైంది. విషయం విని కళ్లజోడు సర్దుకుంది.

"విసుర్లు మూడు రకాలయ్యా. నేలమీద దొర్లించి, గురిగా పెట్టిన బుల్లి బంతి పక్కకు చేర్చడం ఒకటి. నాలుగడుగులు పరుగెత్తి, నేలబారుగా విసిరి, ఎదుటివాడి బంతిని తోసెయ్యడం ఇంకొకటి. మూడోది గాల్లోకి ఎగరేసి సూటిగా దాని నెత్తిన దించడం. నీ తుంటికి మొదటిదే గతి."

"నాకు మూడోదే కావాలండి."

"తిన్నగా నడవలేవు, ఎగరేస్తావా?"

"దాని చప్పుడు నాకు తెలుసండి. మంచంమీద పడుకుని వినీ వినీ వంటబట్టింది. నడినెత్తిన తగిలితే చర్చి గంటలా ఉంటుంది. పక్కకి తగిలితే పళ్లెం జారిపడ్డట్టుంటుంది."

నీవెస్ గారు నెమ్మదిగా లేచి, లోపలికి వెళ్లి తన పాత బంతులు తెచ్చింది. "అరచెయ్యి కిందికి చూడాలి. బంతిని మొయ్యకు, పైనుంచి పట్టుకో, పిల్లిపిల్లని మెడ దగ్గర పట్టుకున్నట్టు. చెయ్యి గడియారం లోలకంలా ఊగాలి. విసరడానికి తొందరపడకు. దానికెప్పుడు వెళ్లాలనిపిస్తే అప్పుడు వదిలెయ్."

"ఆదివారం దాకా ఎవరికీ చెప్పకండి."

"చెప్పినా నమ్మేదెవరు? ముందు ఆటస్థలం ఎంత పొడుగో నీ కంటికి అలవాటవ్వాలి. రేపు పొద్దున్నే ఎవరూ లేనప్పుడు వెళ్లి కొలుచుకో."

మర్నాడు ఎర్మెతే టేపు పట్టుకుని వెళ్లి గీతలన్నీ కొలిచాడు. చంకలో రొట్టెతో అటుగా వెళ్తున్న తార్చీసియో గోడమీంచి చూశాడు. క్లబ్బులో దేనికైనా ముందు కంగారుపడేది అతనే. నేరుగా గ్వాల్తియెరో దగ్గరికి పరుగెత్తాడు.

"కొలుస్తున్నాడు ప్రెసిడెంటూ! టేపు పెట్టి కొలుస్తున్నాడు! మున్సిపాలిటీ వాళ్లని తెచ్చి మన ఆట మూయించేస్తాడు!"

"నోర్ముయ్. మొన్నేగా మోసుకెళ్లి బతికించాం."

"అదే కదా నా బాధ! కొత్త తుంటి, కొత్త ఓపిక!"

గ్వాల్తియెరో నమ్మలేదు. నమ్మలేదు గాని ఆ సాయంత్రం ఎండు మాంసపు సలామీ ఒకటి, బర్బేరా వైను సీసా ఒకటి చంకన పెట్టుకుని, తార్చీసియోను వెంటేసుకుని మెట్లెక్కాడు. ఎర్మెతే తలుపు తీసి సలామీని చూసి కరిగిపోయాడు. ఇంకా ఎంత మంచితనం వీళ్లది!

"మావల్ల నీకేమైనా ఇబ్బందుంటే మొహమాటం లేకుండా చెప్పెయ్ ఎర్మెతే," అన్నాడు గ్వాల్తియెరో.

రహస్యం బయటపడుతుందేమోనని ఎర్మెతే మొహం బిగించుకున్నాడు. "ఇప్పుడు చెప్పను. ఆదివారం అందరి ముందూ మీకే తెలుస్తుంది."

"ఏం తెలుస్తుంది?"

"మీరు నాకు చేసినదానికి బదులు."

మెట్లు దిగేటప్పుడు తార్చీసియో కమ్మీ పట్టుకుని దిగాడు.

శుక్రవారం నాటికి ఎర్మెతే బంతి గాల్లోకి లేవడం నేర్చింది. ఎక్కడ దిగాలో మాత్రం ఇంకా నేర్వలేదు. నీవెస్ గారి పెరటి గోడ దాటి, అవతలున్న క్లబ్బు వరండా చూరు కింద నుంచి దూసుకుపోయి, ఆదివారం విందుకని దాచిన పెద్ద వైను జాడీని బద్దలుకొట్టుకుని దిగింది. గోడ ఇవతల ఎర్మెతే కొయ్యబారిపోయాడు. "వెళ్లి చెప్పెయ్యనా?" అన్నాడు. "రెండ్రోజులు ఓపిక పట్టు. మంచి విసురుతోపాటే క్షమాపణ కూడా చెప్పుకుందువు గాని," అంది నీవెస్ గారు.

గోడ అవతల తార్చీసియో ప్యాంటు మోకాళ్లదాకా ఎర్రగా తడిసింది. "ఇది హెచ్చరిక," అన్నాడు. ఈసారి గ్వాల్తియెరో నోర్ముయ్ అనలేదు. ఆ సాయంత్రం ఎర్మెతే ఇంటికి వాల్‌నట్ కేకు వెళ్లింది.

కేకు చూసి ఎర్మెతేకు కళ్లనీళ్లు తిరిగాయి. 'నేను వాళ్ల జాడీ పగలగొడితే వాళ్లు నాకు కేకు పంపుతున్నారు!' అనుకుని చీకటిపడే దాకా సాధన చేశాడు. గోడ అవతల దబ్బుమన్న ప్రతిసారీ క్లబ్బు వాళ్లు ఉలిక్కిపడ్డారు.

శనివారం మధ్యాహ్నం ఎర్మెతే నడుం వాల్చాడు. కింద చప్పుడు లేదు. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. ఒక్క ఠంగు లేదు, ఒక్క నవ్వు లేదు. ఇన్నేళ్లలో వాళ్లు ఆట మానేసింది ఎవరైనా పోయినప్పుడే. ఒక్కసారిగా లేచి కూర్చున్నాడు. నల్లసూటు తొడుక్కుని, నల్ల టై కట్టుకుని, కర్ర పట్టుకుని కిందికి దిగాడు.

వరండాలో అందరూ తలలు వంచుకుని కూర్చుని ఉన్నారు. అతనికి కోపం తెప్పించకూడదని నిద్రవేళ ఆట మానుకున్నారు. నల్లసూటులో వస్తున్న అతన్ని చూసి, గడువుకు ఒకరోజు ముందే తీర్పు చెప్పడానికి వచ్చాడనుకుని లేచి నిలబడ్డారు.

ఎర్మెతే టోపీ తీశాడు. "ఎవరు?" అన్నాడు.

ప్రెసిడెంటు కాబట్టి గ్వాల్తియెరో ఒక అడుగు ముందుకేశాడు. "అన్నిటికీ నేనే."

ఎర్మెతే అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. "నువ్వు బతికే ఉన్నావు కదా!"

"ఇంకా బతికే ఉన్నాను," అన్నాడు గ్వాల్తియెరో దీనంగా. "నీ దయ."

"కావాలంటే మధ్యాహ్నాలు ఆడం!" అన్నాడు తార్చీసియో ఏడుపుగొంతుతో. "గుసగుసగా మాట్లాడుకుంటాం! క్లబ్బు మాత్రం మూయించకు!"

వీళ్లను తను ఇంత భయపెట్టాడా? ఎర్మెతే పెదవులు కదిపాడు గాని ఎప్పటిలాగే సరైన మాట దొరకలేదు. అప్పుడు గోడ అవతలి కిటికీ తెరుచుకుంది.

"ఒరేయ్ వెర్రిమొహాల్లారా!" అని అరిచింది నీవెస్ గారు. "అతను మీకు థాంక్స్ చెప్పుకోడానికి బంతి వెయ్యడం నేర్చుకుంటున్నాడ్రా! ఆ జాడీ కూడా అందులో భాగమే!"

గ్వాల్తియెరో ముక్కు గట్టిగా చీది, వెళ్లి ఆటస్థలం అవతలి కొసన ఒక బంతి పెట్టి, దాని పక్కనే నిలబడ్డాడు. "అయితే ఆదివారం దాకా ఎందుకు? వెయ్యి."

ఎర్మెతే కోటు విప్పాడు. కర్ర తార్చీసియో చేతికిచ్చి, ఒక బంతి అందుకున్నాడు. అరచెయ్యి కిందికి, పిల్లిపిల్ల మెడ పట్టినట్టు. చెయ్యి ఒకసారి వెనక్కి ఊగి ముందుకు వచ్చింది. బంతి తనకు వెళ్లాలనిపించినప్పుడే వెళ్లింది. గాల్లో ఒక్క క్షణం ఆగినట్టనిపించి, సరిగ్గా గ్వాల్తియెరో పెట్టిన బంతి నడినెత్తిన దిగింది. చర్చి గంట మోగినట్టయింది. అందరూ టోపీలు ఎగరేశారు. కిటికీలోంచి నీవెస్ గారు ఈల వేసింది.

దెబ్బ తిన్న బంతి ఎటు పోయిందో చూసింది గ్వాల్తియెరో ఒక్కడే. ఒంటికాలిమీద గెంతుతూ, "అద్భుతం! అమ్మో! అద్భుతం!" అంటున్నాడు.

ఆసుపత్రికి తార్చీసియో వ్యానును ఎర్మెతేనే నడిపాడు. సగం దారిలో అతని నోరు దానంతటదే తెరుచుకుంది. "చాలా థాంక్స్ గ్వాల్తియెరో. తలుపు విరగ్గొట్టినందుకు. నా పక్కన కూర్చున్నందుకు. సూపు బావుంది. ఉప్పు సరిపోయింది."

వెనక సీట్లోంచి మూలుగు మధ్య, "రోడ్డు చూడరా నాయనా," అని వినిపించింది. మలుపు తిరిగాక, "మాకూ నీ తిట్లు లేకపోతే తోచలేదురా," అని కూడా వినిపించింది.

ఆదివారం విందు గ్వాల్తియెరో పడకగదిలోనే జరిగింది. కాలి బొటనవేలికి పెద్ద కట్టు. మంచం పక్కన ఎర్మెతే గిన్నె పట్టుకుని చెంచాతో సూపు తాగిస్తున్నాడు. కాలు పైకి లేచేలా దిండు సర్దుతున్నాడు. ఇంకేం కావాలని మాటిమాటికీ అడుగుతున్నాడు. తన జన్మలో ఇంత సంతోషంగా ఎప్పుడూ లేడు. ఇంకాస్త సూపు తేవడానికి అతను వంటింట్లోకి వెళ్లగానే నీవెస్ గారు కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"నీమీద అతనికెంత కృతజ్ఞతో చూశావా?"

"చూశాను, మంచిదే," అన్నాడు గ్వాల్తియెరో, కట్టువైపు చూసుకుంటూ. "కాకపోతే నేలమీద దొర్లించినా నాకు అందేది."