భూమవ్వ తెల్లచీర, ఆత్మారాం సారు రంగుల చక్రం

రంగులన్నింటిలోకీ తెలుపు చేసే మేలు ఇంకేదీ చెయ్యదు. ఆడమనిషి ఎదురొస్తే మొగుడున్నాడా, పోయాడా అని ఎవర్నీ అడగక్కర్లేదు. చీర చూస్తే చాలు! నోరు విప్పకుండా ఇంత కబురు చెప్పే భాష ఇంకెక్కడైనా ఉందా?

నిజామాబాద్‌లో ఈ భాష విలువ బాగా తెలిసినవాడు లింగం. చెరకు బండ్లకు చీటీలు రాసే గుమాస్తా. సొంతూరు నందిపేట్ దగ్గర. అక్కడ మొగుడు పోయిన ఆడవాళ్లు ఉన్న చీరలే కట్టుకుని పొలం పోయేవారు. పట్నం వచ్చాకే లింగానికి పరువంటే ఏమిటో తెలిసింది. అన్న పోగానే వదిన భూమవ్వకు తెల్లచీరలు తెచ్చిపెట్టాడు.

చిక్కంతా భూమవ్వ పనితో వచ్చింది. ఆమె మార్కెట్ యార్డులో పసుపు కొమ్ములు ఏరే కూలీ. పొద్దున తెల్లగా పోయిన చీర సాయంత్రానికి పచ్చగా తిరిగొచ్చేది. ముఖం, మెడ, చేతులు, పాదాలు అంతా పసుపే. ఏ పేరంటంలో పూస్తారండీ అంత పసుపు! వాడకట్టు ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు.

లింగం సబ్బుబిళ్ల కొనిచ్చాడు. సబ్బు తగిలిన చోటల్లా పసుపు కాస్తా ఎర్రబడింది. అంటే, కుంకుమ కూడా వచ్చి చేరింది!

"పని బంద్ పెట్టు వదినా. ఇజ్జత్ పోతున్నది" అన్నాడు లింగం.

"పెడ్త. పొయ్యి మీద ఏం పెడ్దమో గది సుత నువ్వే చెప్పు" అంది భూమవ్వ.

చెరకు సీజను దాటితే లింగానికి జీతం ఉండదు. అప్పుడు ఇల్లు నడిచేది ఆ పసుపు చేతులతోనే. కనుక పరువును ఇంకో దారిన కాపాడుకోవాలని, బడిలో డ్రాయింగ్ చెప్పే ఆత్మారాం సారును ఇంటికి తీసుకొచ్చాడు.

రంగుల శాస్త్రమంటే సారుకు ప్రాణం. రంగులు గుండ్రంగా దిద్దిన అట్టచక్రాన్ని గోడకు ఆనించి పాఠం అందుకున్నాడు. ఎరుపు, పసుపు, నీలం మూలరంగులు. తక్కినవన్నీ వాటి సంతానం. ఎరుపు మీదికొస్తుంది, నీలం వెనక్కి జరుగుతుంది. చక్రంలో ఇరుగుపొరుగు రంగులు కలిసిమెలిసి ఉంటాయి. ఎదురెదురు రంగులను పక్కపక్కన పెడితే మాత్రం ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. భూమవ్వ గడపలో కూర్చుని కళ్లార్పకుండా వింది.

"అంత మంచిగనే ఉంది గని సార్, తెల్లచీర మీద పసుపు కనవడొద్దంటె ఏం జెయ్యాలె?" అన్నాడు లింగం.

"తెలుపు మీద ఏదైన కనవడ్తది. పసుపు మీద పసుపు వడ్తెనే కనవడది."

లింగం ముఖం వెలిగిపోయింది. మర్నాడే బజారుకెళ్లి నిండు పసుపురంగు చీర కొనుక్కొచ్చాడు. మొగుడు పోయిన మనిషి ఒంటిమీద పసుపు కనబడకూడదన్న ఒకే ఒక్క పట్టుదలతో!

భూమవ్వ చీర మడత విప్పి, అంచును వేళ్లతో తడిమి చూసింది. మరిది మనసు మారుతుందేమోనని భయం. గబగబా కట్టుకుని యార్డుకు వెళ్లిపోయింది. వాడకట్టు ఆడవాళ్లు ఈసారి బుగ్గలు నొక్కుకోలేదు. మరక లేదు మరి!

ఆదివారం ఆత్మారాం సారు, ఆ రోజు గోడకే మరిచిపోయిన తన చక్రం తీసుకుపోదామని వచ్చాడు. అప్పటికి లింగం నీలం టెర్లిన్ చొక్కా తొడిగి, మెడలో గులాబీరంగు రుమాలు చుట్టి, బోధన్‌లో పిల్లను చూడటానికి బయలుదేరుతున్నాడు. అతని భార్య పోయి ఇంకా ఏడాది నిండలేదు.

భూమవ్వ సారుకు మంచినీళ్లిచ్చి, "ఒక్క మాట సార్. మొగడు వోయినామెకు తెలుపంటరు. మరి పెండ్లాం వోయినాయనకు ఏ రంగు?" అని అడిగింది.

సారు చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని మెల్లగా చుట్టూ తిప్పాడు. వేలు ఎక్కడా ఆగలేదు.

"అన్ని" అన్నాడు.