బొగ్గు లెక్క

పది గంటల్లోపు పని ముగించుకుని, ఇంటికెళ్లి తలంటుకుని పడుకోవాలని ఆ మే నెల ఉదయం అనుపమ అనుకుంది.

తిరుమలగిరి దాటాక ఉన్న ఆ బీడును తొమ్మిదేళ్లు కష్టపడి మళ్లీ అడవిని చేసింది ఆమే. ఆ చెట్లు గాలిలోంచి ఎంత కర్బనం తీసి తమలో దాచుకున్నాయో ఇప్పుడు లెక్క తేల్చాలి. అలా దాచిన కర్బనానికి కంపెనీలు డబ్బు కడతాయి. అది తేలితేనే, ఆ నేలను ప్లాట్లు చేసి అమ్మబోమని యజమానులు సంతకం పెడతారు. కావలి కాసే వీరయ్య టేపు పట్టి మానుల చుట్టుకొలత చెబుతున్నాడు. ఆమె రాసుకుంటూ, కొలిచిన చెట్టుకల్లా సున్నంతో నంబరు వేస్తోంది.

సైనిక్‌పురి నుంచి నడకకొచ్చే రిటైర్డ్ ఇంజనీరు అమ్మిరాజు గారు ఆ నంబర్లు చూసి ఆగిపోయారు. రోడ్లు వెడల్పు చేసేటప్పుడు నంబరు పడ్డ చెట్టు ఒక్కటీ మిగలడం ఆయన ఎరగరు.

"ఏవయ్యా, ఈ నంబర్లెందుకు?"

"చెట్లల్ల బొగ్గెంతున్నదో లెక్క గడుతున్నం సార్," అన్నాడు వీరయ్య. కర్బనమంటే బొగ్గులాంటిదేనని అతనికి చెప్పింది అనుపమే.

ఎనిమిదింటికల్లా కాలనీ వాట్సాప్‌లో 'అడవి నరికి బొగ్గు చేస్తున్నారు' అని పడింది. తొమ్మిదింటికి అరవై మంది దిగారు. కొందరు చెట్లను వాటేసుకున్నారు, కొందరు తడిగుడ్డలతో నంబర్లు తుడిచేశారు.

"సార్, నరకడానికి కాదు, కాపాడడానికే!" అనుపమ మొత్తుకుంది.

"అందరూ అదే అంటారమ్మా. మేం ఇక్కణ్ణుంచి కదలం!" అన్నారు అమ్మిరాజు గారు.

"మేడం చెప్పేది జెర ఇనుండ్రి సార్," అని వీరయ్య బతిమాలాడు. ఎవరూ వినలేదు.

కదలనివాళ్లకు టీ అయినా ఉండాలి. ఎవరో చిన్న గ్యాస్ స్టవ్ తెచ్చి ఎండుగడ్డిలో వెలిగించారు. వడగాలి ఒక్కసారి విసిరికొట్టింది, గడ్డి భగ్గున అంటుకుంది.

వీరయ్య పచ్చి కొమ్మ విరిచి మంటను బాదసాగాడు. అమ్మిరాజు గారూ ఒకటి విరిచారు. చూస్తుండగానే అరవై మందీ కొమ్మలు విరిచారు. ఫైరింజన్ వచ్చేసరికి సగం అడవి నల్లగా నిలబడి ఉంది.

"నేను తప్పుగా విన్నానమ్మా," అన్నారు అమ్మిరాజు గారు, మసి చేతులు చూసుకుంటూ.

అనుపమకు కోపం కూడా రాలేదు. టేపు రెండో కొస ఆయన చేతికిచ్చింది. సాయంత్రం దాకా ఇద్దరూ మిగిలిన చెట్లు కొలిచారు.

నివేదికలో నష్టానికి కారణం రాయాల్సిన గడి ఒకటుంది. దాని ముందు చాలాసేపు కూర్చుని, అనుపమ చివరికి 'పరిరక్షణ' అని రాసింది.