నోరు మెదపని మాస్టారు

ఆ ఉదయం మాస్టారి భార్య వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం దాకా మొగుడి నోరు మూయించడం, అంతే.

ఆయన కరాటే నేర్పే హాలు పైరేకులు తుప్పుపట్టి కారుతున్నాయి. ఇంకో వారంలో వానలు మొదలైతే క్లాసు మూతపడినట్టే. సరిగ్గా అప్పుడు సినిమావాళ్లు దిగారు. నియమం తప్పని ఒక కరాటే మాస్టారి కథట. ఒక్కరోజు హాలు ఇస్తే కారే చోటల్లా కొత్త రేకులు వేయిస్తామన్నారు.

ఆమె భయం సినిమా మాస్టారి గురించి కాదు, ఇంట్లో ఉన్న అసలు మాస్టారి గురించి. నిమిషం ఆలస్యమైందని పిల్లనిచ్చిన మామగారినే గుమ్మం బయట నిలబెట్టిన మనిషి.

“ఏవండీ, ఈ ఒక్కరోజూ మీ నియమాలు అటకెక్కించండి. నా మీద ఒట్టు, ఎవరేం చేసినా మాట్లాడకూడదు!”

“సరే. నువ్వు చెప్పేదాకా నోరు మెదపను.”

అన్నమాట తప్పడం ఆయనకు చేతకాదు. చంటిదాన్ని చంకనేసుకుని ఆమె నిబ్బరంగా బయల్దేరింది. ఆ నిబ్బరం హాలు గుమ్మం దాకానే. చెప్పులు, బూట్లు తగలకూడని కరాటే మ్యాట్ మీదికి హీరో బూట్లతో టకటకా ఎక్కాడు!

మాస్టారు మాట్లాడలేదు. వెళ్లి హీరో కాళ్ల దగ్గర కూర్చుని లేసులు విప్పసాగారు.

“అభిమానం మనసులో ఉండాలి బాబాయ్, కాళ్లమీద పడకూడదు,” అంటూ హీరో ఆయన తలమీద చెయ్యిపెట్టి దీవించాడు. దీవెన పూర్తయ్యేసరికి ఒక బూటు ఊడింది. తేరుకునేసరికి రెండోదీ ఊడింది.

అప్పుడు బయటపడింది గుట్టు. బూట్ల లోపల మడమల కింద బెత్తెడు ఎత్తు దిమ్మలున్నాయి. అవి లేని హీరో విలన్ భుజం దగ్గరే ఆగిపోయాడు.

“నువ్వు కాస్త మోకాళ్లు వంచవయ్యా,” అని విలన్‌ని బతిమాలాడు దర్శకుడు.

“ఇంకా వంచితే కొట్టుకోవడం కాదు సార్, దణ్ణం పెట్టుకోవడమే!”

“అయితే లైటు పైకెత్తండి, పొడుగ్గా కనిపిస్తాడు,” అన్నాడు కెమెరామన్.

ఎత్తారు. చాలలేదని ఇంకా ఎత్తారు. లైటు స్టాండు తుప్పు రేకును పొడుచుకుని ఆకాశంలోకి తల పెట్టింది.

“కొత్తవి వేస్తామని వచ్చి ఉన్నవి ఊడగొట్టారే!” ఆమె కళ్లనీళ్ల పర్యంతమైంది. చంటిది మాత్రం చప్పట్లు కొట్టింది.

ఆ కన్నంలోంచి ఎండ నిలువునా దిగి, చేతులు కట్టుకుని నిలబడ్డ మాస్టారి మీద పడింది. దర్శకుడు నోరు తెరుచుకుని చూశాడు.

“హీరో ఈయనే! డైలాగు కూడా అక్కర్లేదు, నియమమంతా మొహంలోనే ఉంది. అమ్మా, హాలు మొత్తానికీ కొత్త కప్పు వేయిస్తా, ఈయన్ని మాకివ్వండి!”

పాత హీరో అలుగుతాడని అందరూ బిక్కుబిక్కుమన్నారు. అతను అప్పటికే బూట్లు తొడుక్కుని మ్యాట్ మీదికి తిరిగొచ్చేశాడు.

“నేను విలన్ వేస్తా సార్. విలన్‌కి నియమాల్లేవుగా, బూట్లు విప్పక్కర్లేదు!”

“నన్ను విలన్ అనుచరుణ్ణి చేసినా సరే, నిటారుగా నిలబడనిస్తే చాలు,” అన్నాడు పాత విలన్, మోకాళ్లు నిమురుకుంటూ.

దర్శకుడు మాస్టారి వైపు చూశాడు. మాస్టారు భార్య వైపు చూశారు.

“ఇక మాట్లాడండి మహానుభావా!” అందామె కళ్లు తుడుచుకుని.

ఉదయం నుంచి మూసిన నోరు తెరిచి, కొత్త విలన్ కాళ్లవైపు చూస్తూ, మాస్టారు ఒక్కటే ముక్క అన్నారు: “బూట్లు.”

ఆ సినిమాలో చివరి పోరాటం హాల్లో కాక వీధిలో ఎందుకు జరుగుతుందో చూసినవాళ్లెవరికీ ఇప్పటికీ తెలియదు.