పానకాలు మేస్త్రి మొలలోతు నీటిలో మునిగిన వైనం

ఏ నేల మీద పుట్టిన ఘాటు ముల్లోకాల ముక్కులనూ కారిస్తుందో, ఏ నల్లరేగడి పత్తిని పండించి ప్రపంచానికి బట్ట కట్టి తాను మాత్రం ఎండలో మాడుతుందో, ఆ గుంటూరు మహామండలంలో, సూర్యభగవానుడు సైతం నెత్తిన తడిగుడ్డ వేసుకొని సంచరించే చైత్రమాసపు ఆదివారం నాడు, మిర్చియార్డుకు సెలవై కాటాలన్నీ కునుకు తీసే శుభవేళ, నగరమధ్యాన నీలకాంతులీనే ఒక ఈతకొలనులో జరిగిన ఘోరసంగ్రామాన్ని చెబుతున్నాను, వినండి. మంచినీళ్లు తాగి వచ్చేవాళ్లు ఇప్పుడే వెళ్లి రండి. మధ్యలో లేచిపోయి మళ్లీ మొదటి నుంచి చెప్పమంటే నా వల్ల కాదు.

కథానాయకుడు ప్రత్తిపాడు వాస్తవ్యుడు, అసమానభుజబలసంపన్నుడు, మిరపబస్తాభారవహనధురంధరుడు, కోల్డ్ స్టోరేజీ గోడౌన్లలో ఆకాశాన్నంటే బస్తాల గుట్టలను కనుసైగతో కదిలించే ముఠామేస్త్రి పానకాలు. ఇంతటి వీరుడికీ ఒక శత్రువు ఉన్నాడు. నీరు. కాలువలో మోకాలు దాటి దిగిన పాపాన పోలేదు. ఎవరైనా అడిగితే జలుబు అంటాడు. నిండు వేసవిలోనూ జలుబే.

అట్టి నీటిభీరువు ఇంట, విధి వింత కాకపోతే, హేమశ్రీ అనే జలకన్య పుట్టింది. విశాఖతీరాన సముద్రగర్భసంచారవిద్యను అభ్యసించి, సిలిండరు కట్టుకొని నీటి అడుగున తిరగడం పరులకు నేర్పగల అర్హత సంపాదించి, సముద్రం కనుచూపుమేరలో లేని గుంటూరులో బడి పెడతానని వచ్చింది. జనం నవ్వారు. అయినా ఈతకొలను యజమానిని బతిమాలి ఆదివారాలు తనకిప్పించుకుంది. పిల్లలు చేరితే ఉంచుకో, చేరకపోతే ఈ వారంతో సరి అన్నాడాయన. కనుక ఆనాడు ఒడ్డున కుర్చీల్లో కొలువుదీరిన తల్లిదండ్రులు తల ఊపితే బడి నిలుస్తుంది, లేస్తే బడి మునుగుతుంది. సంగతి అది.

ఆ సభలో సంజీవరావనే పెద్దమనిషి, ఇద్దరు మనవళ్ల తాతగారు, గొంతు సవరించుకొని అడిగాడు. "అంతా బానే ఉందమ్మా. మీ ఇంట్లో వాళ్లెవరైనా దిగారా?"

హేమశ్రీ నోరు తెరిచేలోపే వెనక వరుసలో పానకాలు లేచాడు. లేచి, దిక్కులు పిక్కటిల్లేలా ఇట్లా పలికాడు: "ఓయీ సంశయాత్ముడా, పుత్రికావిద్యాపరీక్షకు పితృదేహమే గీటురాయి. ఇదిగో, అగాధజలరాశిని నా పాదఘట్టనతో కల్లోలపరచెదను, చూడుము." ఇది మా కవిత్వం. ఆయన అన్నది మాత్రం, "నేను దిగుతానండి," అని. అని, చొక్కా గుండీలు విప్పుతూ, ఎందుకన్నానురా భగవంతుడా అనుకున్నాడు.

ఆపై వీరుడు నల్లరబ్బరుకవచధారియై, వీపున ప్రాణవాయుపూరితలోహతూణీరాన్ని మోస్తూ, కటిప్రదేశాన సీసపుబరువుల పటకా బిగించి, కళ్లకూ ముక్కుకూ అద్దపుతొడుగు తగిలించుకొని బయల్దేరగా, ధర్మపత్ని రాఘవమ్మ గట్టు మీద నుంచి వీరపత్నికి తగిన హెచ్చరిక చేసింది. "ఏమయ్యా, బీపీ బిళ్ల వేసుకున్నావా?"

"వేసుకున్నాలే."

"పొద్దున్నే చూశా, బిళ్ల అట్టాగే ఉంది."

వీరుడు వినిపించుకోలేదు. చిన్నపిల్లలు కాళ్లు తపతపలాడించే మూలన, నిలబడితే మొలకు మాత్రమే వచ్చే మహార్ణవంలో అడుగు పెట్టాడు. ఎదురుగా నిలిచిన హేమశ్రీ గొట్టం నోటికి అందించి చెప్పింది. "ఒక్కటే రూలు నాన్నా. ఊపిరి ఆపకూడదు. తీసుకుంటా వదుల్తా ఉండు. మోకాళ్ల మీద కూర్చో, చాలు."

కూర్చున్నాడు. నీరు గడ్డాన్ని తాకింది. ఇక చూడండి. ముప్పిరిగొన్న మిరపఘాటులో బతుకు వెళ్లదీసిన ఊపిరితిత్తులవి. గుట్ట కదిలి ఎర్రటి దుమ్ము లేచిన మరుక్షణం యార్డులో ప్రతివాడూ ఊపిరి బిగబడతాడు, బిగబట్టనివాడు బస్తా వదిలేసి తుమ్ముకుంటూ కూర్చుంటాడు. ఆపద వస్తే తలుపులు మూయడమే వాటికి తెలిసిన యుద్ధనీతి. కనుక నీరు నెత్తికెక్కగానే అవి స్వామిభక్తితో ఛాతీదుర్గాన్ని గాలితో నింపుకొని, కవాటాలు బిగించి, గడియ వేసుకున్నాయి. తత్ఫలితంగా మహావీరుడు మునగలేదు. నడుముకు సీసమున్నా లెక్కచేయక, పత్తిబేలు మాదిరి బోర్లా తేలి, వీపు సూర్యుడికి చూపుతూ కాళ్లు కొట్టుకున్నాడు.

సెలవని మేస్త్రి వెంట వచ్చి ఒడ్డున నిలబడ్డ ముఠావాళ్లు కొందరు దగ్గారు. నవ్వును దగ్గుగా మార్చడం వాళ్లకు బాగా చేతనవును.

రెండోమారు కూర్చున్నాడు. రెండోమారూ అదే కథ, కాకపోతే ఈసారి తొడుగు పక్కకు జరిగి ముక్కులోకి నీళ్లెక్కాయి. లేచి నిలబడి, దగ్గి, ఉమ్మి, కళ్లు ఎర్రజేసుకొని చూసేసరికి సంజీవరావు కుర్చీలోంచి లేచి పంచె సర్దుకుంటున్నాడు. "సొంత నాన్నకే రాలేదు, మా పిల్లలకేం నేర్పుద్ది ఈ అమ్మాయి," అంటున్నాడు పక్కాయనతో, మెల్లగా అనుకున్నాడు గాని అందరికీ వినిపించింది. మరో ఇద్దరు లేచారు.

హేమశ్రీకీ వినిపించింది. తండ్రి నడుము పటకా మీద చెయ్యి వేసి, "చాల్లే నాన్నా. ఇంక పైకి రా," అంది. రెండో చేత్తో కళ్లు తుడుచుకుంది. చిన్నప్పుడు సైకిలు మీద నుంచి పడి మోకాలు చీరుకుపోయినా ఏడవని పిల్ల.

"ఇంకోసారి," అన్నాడు.

"వద్దు నాన్నా, నీకు భయంగా ఉంది."

"ఉంది. అయితే ఏంటి? ఊపిరి వదలమని నేనూ చెప్తున్నా, అది వింటల్లేదు. లోపల బిగుసుకుపోయింది."

హేమశ్రీ పటకా విప్పబోయిన చెయ్యి ఆపింది. చిన్నప్పుడు మధ్యాహ్నాలు ఆయనకు క్యారేజీ పట్టుకెళ్లి, ముక్కుకు ఓణీ అడ్డం పెట్టుకొని గోడౌను గుమ్మంలో నిలబడ్డ పిల్ల ఆమె. "నాన్నా, బస్తా భుజానికెత్తేటప్పుడు కూడా బిగబడతావా?"

"అప్పుడు బిగబడితే నడుం పట్టేసుద్ది. కేకేస్తాం గదా."

"అయితే ఆ కేకే వెయ్యి. గొట్టం నోట్లో పెట్టుకునే వెయ్యి."

"నీళ్లలోనా?"

"నీళ్లలోనే."

వీరుడు గొట్టాన్ని తేరిపార చూశాడు. ఆ చూపుకు సప్తసముద్రాలూ స్తంభించాయని రాయాలి గాని, పక్కన ఫిల్టరు మోటారు మోగుతూనే ఉంది. అప్పుడు ఒడ్డు నుంచి, చిన్ననాటి నుంచీ ఆయనతో జతగా బస్తాలు మోసిన బుడే పంచె ఎగగట్టి ముందుకొచ్చాడు. "ఒరేయ్ పానకాలూ, నువ్వు ఎత్తుకో. మేం అందుకుంటాం."

మూడోమారు మోకరిల్లాడు. నీరు గడ్డాన్ని తాకింది, పెదవులను దాటింది, నెత్తిని మూసింది. ఛాతీలో గడియ పడబోయింది. సరిగ్గా ఆ లిప్తలో, భూనభోంతరాళాలు దద్దరిల్లవలసిన ఆ సింహనాదాన్ని ఆయన గొట్టంలోకి వదిలాడు. దద్దరిల్లలేదు. బుడగలు వచ్చాయి. గుప్పెడు బుడగలు పైకి పొంగి పగలగానే, ఒడ్డున బుడే ముఠా అంతా ఒక్క గొంతుతో "ఐలెస్సా" అని అందుకుంది. కేక వేసినవాడికి మళ్లీ ఊపిరి కావాలి కదా, పీల్చుకున్నాడు. మళ్లీ బుడగలు. మళ్లీ ఐలెస్సా. కుర్చీల్లో ఆడవాళ్లు నవ్వుతూ తాళం వేశారు. కాసేపటికి ముఠా ఆగిపోయింది గాని బుడగలు ఆగలేదు. వస్తున్నాయి, పోతున్నాయి, నిద్రపోయే మనిషి ఊపిరిలా తాపీగా.

లేచిన ఇద్దరూ కూర్చున్నారు. సంజీవరావు కుర్చీ వదిలి గట్టు అంచున గొంతుక్కూర్చొని నీళ్లలోకి వంగి చూశాడు. అడుగున పానకాలు పద్మాసనం వేసి నాపరాళ్లు చూసుకుంటున్నాడు. హేమశ్రీ భుజం తట్టినా కదలడు. చివరికి రెక్క పట్టుకొని లేపాల్సి వచ్చింది.

తొడుగు తీయగానే సంజీవరావు అడిగాడు. "నిజం చెప్పండి మేస్త్రిగారూ, భయం వెయ్యలేదా?"

"వేసిందండి. నీళ్లు చూస్తే వేసింది. మీరు లేచారు గదా, అప్పుడు మా అమ్మాయి మొహం చూశా. దానికంటే నీళ్లే నయమనిపించింది."

సంజీవరావు లేచి పంచె సర్దుకున్నాడు. తర్వాత హేమశ్రీ వైపు తిరిగి, "వచ్చే ఆదివారం ఎన్నింటికి రమ్మంటావమ్మా పిల్లల్ని?" అని అడిగాడు. హేమశ్రీ ఇంకా తండ్రి వీపున సిలిండరు విప్పుతూనే ఉంది. రాఘవమ్మే చెప్పింది టైము.

కావున సకలజనులారా, చాటింపు వేయిస్తున్నాను, వినండి. ఏ తిమింగలమూ చావలేదు, ఏ రత్నమూ పైకి రాలేదు, కొలనులో నీరు చుక్కైనా తగ్గలేదు. లేచి నిలబడితే చాలు, తప్పించుకోగలిగిన మొలలోతు నీటిలో, ప్రత్తిపాడు పానకాలు లేవకుండా కూర్చున్నాడు.