పన్నెండుమందికి సూపు

బస్సు డిపో మునిగిన వరద తర్వాత రెండో ఏడాది జరిగింది ఇది. కార్‌బెక్ ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన విల్ఫ్ ఏక్రాయిడ్, యాభై ఎనిమిదో ఏట పిల్లల క్లబ్బులో అప్రెంటిస్‌గా చేరాడు. ఎదిగే పిల్లలతో మెలిగే పని అక్కడ నేర్పుతారు. పరీక్ష గట్టెక్కితే సర్టిఫికెట్టు, ఆ వెనకే ఉద్యోగం. నేర్పేది టెగన్. ఆమెకి పాతికేళ్ళు.

ఆ శనివారం పొద్దున టెగన్ కోటు తొడుక్కుంటూ చెప్పింది.

"వరదలో మనని ఆదుకున్న మిల్లు సందు ముసలివాళ్ళు పన్నెండుమందికి పిల్లలు సూపు చేసి పెడతామన్నారు. ఆలోచన వాళ్ళది, వంటా వాళ్ళదే. మీరు దేన్నీ ముట్టుకోకండి."

"ఎవరి వేలన్నా తెగితే?"

"కట్టు కట్టండి. అంతకు మించి వద్దు. పదింటికి పరీక్ష చేసేవాళ్ళు వస్తారు, మూల కూర్చుని రాసుకుంటారు. మొదటిసారి పిల్లల టోస్టులన్నీ మీరే కాల్చిపెట్టి పరీక్ష పోగొట్టుకున్నారు. రెండోసారి హంజా బూటు లేసు కట్టి పోగొట్టుకున్నారు. వాడికి పదహారేళ్ళు, విల్ఫ్! ఇదే ఆఖరుసారి."

"పిల్లలు ఏదన్నా అడిగితే?"

"'మీకేమనిపిస్తోంది' అని అడగండి," అని చెప్పి, హీటరు చెడిపోయిన ఇంకో క్లబ్బుకి పరిగెత్తింది.

సరిగ్గా పదింటికి పుస్తకం పట్టుకుని ఒకాయన వచ్చాడు. ఎవరినీ పలకరించలేదు. తిన్నగా మూలకి వెళ్ళి, వంగి చూసి, ఏదో రాసుకున్నాడు. విల్ఫ్ ఆయనకెదురుగా కుర్చీ వేసుకుని, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

పదకొండుకి బ్రోగన్ వచ్చింది. పదిహేనేళ్ళ పిల్ల, ఆ పూట వంటకి పెద్ద.

"డ్రైవర్ తాతా, బయట క్యూ ఉంది."

"పన్నెండుమందేగా?"

"వంతెన దాకా ఉంది."

పన్నెండిళ్ళూ తిరగడానికి బద్ధకించి హంజా బేకరీ అద్దానికి ఒక కాగితం అంటించాడు. 'వరదలో మాకు సాయం చేసినవాళ్ళందరూ భోజనానికి రండి' అని. తాను సాయం చెయ్యలేదనుకునే మనిషి ఆ ఊళ్ళో ఒక్కడూ లేడు. బకెట్టు ఇచ్చినవాళ్ళు వచ్చారు. మేడ మీద కిటికీలోంచి చెయ్యి ఊపినవాళ్ళూ వచ్చారు.

"ఇప్పుడేం చేద్దాం?" అంది బ్రోగన్.

విల్ఫ్ నోట్లో పది జవాబులు తిరిగాయి. మూలనున్నాయన కేసి చూసి అన్నీ మింగాడు. "మీకేమనిపిస్తోంది?"

"నీకు ఒంట్లో బాలేదనిపిస్తోంది," అని వెళ్ళిపోయింది.

హంజా సూపులో బకెట్టు నీళ్ళు పోశాడు. చప్పబడిందని ఉప్పేశాడు. అది చూడక బ్రోగనూ వేసింది. రుచి చూసినవాడు కుళాయి దగ్గరికి పరిగెత్తాడు. ఉప్పు విరగాలంటే దుంపలు వెయ్యాలని విల్ఫ్‌కి తెలుసు. పెదవి కొరుక్కున్నాడు. హంజా వాళ్ళ అమ్మమ్మకి ఫోన్ చేశాడు, ఆవిడ అదే చెప్పింది. క్యూలో ఉన్న కూరగాయల కొట్టాయన రెండు బస్తాల బంగాళాదుంపలు తెప్పించాడు.

ఈలోపు క్యూలో తగవు లేచింది.

"నువ్వేం సాయం చేశావే? ఆ రోజు తలుపు కూడా తియ్యలేదు!"

"ఉబ్బిపోయి బిగుసుకుంటే ఎలా తీస్తానే!"

బ్రోగన్ స్టూలెక్కింది. "అప్పుడు సాయం చెయ్యనివాళ్ళు ఇప్పుడు చెయ్యండి! కత్తులు అటు పక్కనున్నాయి. ఆకుపచ్చ కోటావిడా, వరదలో మీరేం చేశారు?"

"నేనసలు ఈ ఊరిదాన్నే కాదు తల్లీ, నేను..."

"అంటే ఏం చెయ్యలేదన్నమాట. చేతులు కడుక్కుని దుంపలకి తొక్క తియ్యండి."

మూలనున్నాయన మొదటిసారి నోరు విప్పాడు. "వరదప్పుడు ఇక్కడ ఎంతవరకు వచ్చింది?"

పరీక్ష మొదలైందనుకున్నాడు విల్ఫ్. తక్కువ మాట్లాడే మనిషి ఆ ఒక్కసారి నోరారా చెప్పాడు. బస్సు వంతెన కింద ఆగిపోయింది. నీళ్ళు సీట్లు దాటాయి, ఇక్కడ నాలుగడుగులు. ఈ క్లబ్బు పిల్లలే తాడు కట్టుకుని వచ్చి తనని నడిపించుకొచ్చారు, ఇక్కడే మేడ మీద కూర్చోబెట్టి టీ పోశారు. "నా చేతులు వణుకుతుంటే బ్రోగనే కప్పు పట్టుకుందండీ. అందుకే ఈ పనిలోకి వచ్చాను."

ఆయన శ్రద్ధగా విని రాసుకున్నాడు: 'నాలుగడుగులు.'

పన్నెండున్నరకి ఆకుపచ్చ కోటావిడ బొటనవేలు తెగి వచ్చింది. తనకున్న ఒకే ఒక్క పని దొరికిందని విల్ఫ్‌కి ప్రాణం లేచొచ్చింది. పసిబిడ్డకి కట్టినట్టు కట్టు కట్టాడు.

"ఏమండీ, నేను..." అందావిడ.

"మాట్లాడకండమ్మా," అని గొణిగాడు. "అక్కడ పరీక్ష జరుగుతోంది."

ఒంటిగంటకి సూపు అందరికీ అందింది. తగవులాడినవాళ్ళు పక్కపక్కనే కూర్చుని రెండోసారి పోయించుకున్నారు. అప్పుడే టెగన్ తిరిగొచ్చింది.

"పరీక్ష చేసే పార్ట్రిజ్ గారేరీ?"

విల్ఫ్ మూలకి చూపించాడు. ఆయన పుస్తకం మూశాడు. "నేను గోడల చెమ్మ చూసేవాణ్ణి. ఆరాయి. ఇంకో కప్పు ఉంటుందా?"

వంటగదిలోంచి ఆకుపచ్చ కోటావిడ వచ్చింది, కట్టు కట్టిన వేలితో.

"నేనండీ పార్ట్రిజ్‌ని. నలభై దుంపలకి తొక్క తీశాను."

"అయ్యో... మిమ్మల్ని నోరు మూసుకోమన్నాను..."

"మర్యాదగానే అన్నారు. నూట నలభైమంది జనం. ఉప్పు కషాయం. ఒక తగవు. ఇంతలోనూ మీరు కుర్చీలోంచి లేచింది నా వేలి కోసమే. పిల్లల్ని ఇంతగా నమ్మిన అప్రెంటిస్‌ని నేను చూడలేదు." సంతకం చేసి కాగితం చేతికిచ్చింది. "పాసయ్యారు."

విల్ఫ్ ఆ కాగితం పట్టుకుని పిల్లల దగ్గరికి వెళ్ళాడు. "మీకు... నేనెలా..."

"నీకేమనిపిస్తోంది, తాతా?" అంది బ్రోగన్, సూపు కప్పు చేతిలో పెట్టి. కప్పు వణికింది. ఆ పిల్ల వదలకుండా పట్టుకుంది.

మర్నాడు ఆదివారం. విల్ఫ్ ఏడింటికే వచ్చి తాళం తీశాడు. పిల్లలు వదిలేసి వెళ్ళిన నూట నలభై కప్పులూ తనే కడిగి తుడిచి బోర్లించాడు. రాసుకునేవాళ్ళెవరూ లేరు.