కుళాయిలో వానపాములు

నెల్లిమర్లలో రేఖ ఆ ఉదయం ఆరింటికే లేచి, పెరటి గోడ పక్కనున్న వానపాముల తొట్టి మీది తడి గోనెపట్టా ఎత్తి చూసుకుంది. అన్నీ క్షేమం. పదింటికి వ్యవసాయ శాఖ మేడమ్ వస్తుంది. వానపాములతో ఇంట్లో ఎరువు ఎలా తయారుచేయాలో రేఖ వీధి ఆడవాళ్లకు చేసి చూపించాలి. నచ్చితే మండలానికి ట్రైనరు రేఖే. ఆ ఉద్యోగం మీదే పంచప్రాణాలూ పెట్టుకుంది. కనీసం ముప్పై మంది రావాలని మేడమ్ షరతు. వారం రోజులు ఇల్లిల్లూ తిరిగి పిలిస్తే వస్తామన్నవాళ్లు ఇద్దరు. అందులో ఒకరు, నిన్ననే కళింగపట్నం నుంచి దిగిన అత్తగారు అసిరమ్మ.

అసిరమ్మ కోడలికి సాయం చేయాలనుకుంది. ఎండుచేపలు కడిగిన నీళ్లు కొబ్బరి మొదట్లో పోస్తే చెట్టు విరగకాస్తుందని వాళ్ల ఊళ్లో చేపలు పట్టే ఇళ్లన్నిటికీ తెలుసు. కూరకు కడిగిన ఆ ఉప్పునీళ్లు రెండు చెంబులు తొట్టిలో పోసి, గోనెపట్టా కప్పి, నిశ్చింతగా కాఫీ తాగింది.

వానపాములు కొబ్బరిచెట్లు కావు. ఉప్పు సోకగానే ఉన్నపళంగా తొట్టి దిగి, గోడ కింది తూములోంచి పక్కింటికి వెళ్లిపోయాయి. అక్కడ కుళాయి దగ్గర బిందె నింపుకుంటున్న లక్ష్మణమ్మకు బిందె చుట్టూ అవే కనిపించాయి.

"ఓలమ్మో! కుళాయిలోంచి వానపావులొచ్చేత్తన్నాయి! నీలు తాగకండర్రా!"

లక్ష్మణమ్మ గొంతుకు మైకు అక్కర్లేదు. పావుగంటలో వీధంతా పోగైంది. ఎవరి మనవడికో నిన్నటి కడుపునొప్పికి కారణం దొరికింది. తమ కుళాయిలో మూరెడు పాము వచ్చిందని ఇంకొకామె ఒట్టేసింది. మిగతావాళ్లు అక్కణ్నుంచి వీధి కాలువలోకి జారినవాటిని సాక్ష్యం కోసం చెంబుల్లో పట్టుకున్నారు.

రేఖ తొట్టి చూసింది. రెండే మిగిలాయి.

"అత్తా, ఇందల ఏటేసినావు?"

"ఏటీ ఎయ్యలేదే. బలానికని సేపనీలు పోసినాను."

రేఖకు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని వీధిలోకి పరుగెత్తింది.

"పిన్నీ, అయి మా తొట్టివే!"

"నువ్వూరుకోయే!" అంది లక్ష్మణమ్మ. "కుళాయోల్లని ఎనకేసుకొస్తన్నావేటి?"

పదింటికి మేడమ్ జీపు దిగింది. వీధిలో అరవై మంది ఆడవాళ్లు, చేతుల్లో చెంబులు, చెంబుల్లో వానపాములు. ఆమె ముఖం వెలిగిపోయింది.

"ఎవరి వానపాముల్ని వాళ్లే తెచ్చుకున్నారా! ఇంతమందిని ఎవరు కూడగట్టారమ్మా?"

అందరూ లక్ష్మణమ్మను ముందుకు తోశారు. వచ్చింది నీళ్ల ఆఫీసరే అనుకుని ఆమె నడుం బిగించింది.

"నానే మేడమ్. దీనికేటి సేత్తారో ఇప్పుడే సెప్పండి!"

"ఇప్పుడే చేస్తాను," అని మేడమ్ ట్రైనరు ఫారం తీసి ఆమె పేరు రాసుకుంది.

రేఖ నోరు తెరిచేలోపే మేడమ్ పెరట్లోకి నడిచి తొట్టిలోకి తొంగిచూసింది. "రెండేనా? నువ్వింకా నేర్చుకోవాలమ్మా," అంది జాలిగా.

ట్రైనరు లక్ష్మణమ్మ ఇప్పుడు మండలమంతా తిరుగుతోంది. వానపాముల్ని ముట్టుకోవాలంటే భయం కనుక, ఆ పనికి రేఖను వెంట తీసుకెళ్తుంది.